సయనైడ్ దిబ్బ వెనుక

ఆన్‌లైన్ వ్యాపారాల డైరెక్టరీ వాళ్లు పిన్నమ్మ వెబ్‌సైటు ప్రకటనను మళ్లీ తిప్పి పంపారు. తినే వస్తువుల ప్రకటనలో విషం పేరు ఉండకూడదట.

"చెప్తే వినవు కదా పిన్నమ్మా," అని విసుక్కున్నాను. "'చిన్నక్క ఊరగాయలు, సయనైడ్ దిబ్బ వెనుక, కేజీఎఫ్' అని నీ పేరు పక్కనే విషం పేరు పెడితే ఎవరు కొంటారు? వెతికినా సైటు యాడా కనపడదు."

"సయనైడ్ పోసి బంగారం తీసేసిన మట్టికుప్పకు ఆ పేరు నేను పెట్టినానా? ఊరంతా అట్లనే కదమ్మా గుర్తు చెప్తారు!"

సైటును పైకి తేవడానికి నేను పడుతున్న పాట్లు ఆమెకు అర్థం కావా, లేక నాకే చెప్పడం చేతకాదా?

"దిబ్బ పేరు తీసేస్తా, ఇంగ మాట్లాడొద్దు."

"తీసేస్తే రత్న మనల్ని ఎట్ల కనుక్కుంటాది?"

"రత్న ఎవరు?"

"మా పక్కింట్లో ఉన్నింది. బంగారు గని మూసినాక యాడికి పోయిందో తెలీదు. ఎప్పుడన్నా మనసు పుట్టి, ఫోనులో మన దిబ్బ పేరు కొట్టి చూడదా? ఊరగాయ అమ్ముడుపోకుంటే పోనీలేమ్మా."

ప్రకటన తెరిచి 'ఊరగాయలు' అన్న మాట తీసేశాను.

సాయంత్రానికి డైరెక్టరీ ఒప్పుకుంది: చిన్నక్క, సయనైడ్ దిబ్బ వెనుక, కేజీఎఫ్.