డీజిల్ మూత

పాత డీజిల్ వ్యాను పొద్దున్నించి స్టార్ట్ అవలేదు. కిందికి దూరి ఫిల్టర్ అడుగున మర విప్పాను. సీసాలోకి కారింది చూస్తే పైన వేలెడు డీజిల్, కిందంతా నీళ్ళు.

ఆ వ్యాన్లో మంచం, పొయ్యి, తాగే నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి. నీళ్ళు పోసే మూత, డీజిల్ పోసే మూత పక్కపక్కనే.

"డీజిల్లో నీళ్ళు పోసిన మహానుభావులెవరు?" అన్నాను, నోట్లో పడిన డీజిల్ చుక్క ఉమ్మేస్తూ.

"ఇంకెవరు, అమ్మే," అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. "తన మతిమరుపు తెలిసిందేగా."

మెట్టు మీద కూర్చున్న అత్తయ్య తన చేతులకేసి చూసుకుంది. "నేనే అయ్యుంటానమ్మా. ఈమధ్య ఏదీ గుర్తుండటం లేదు."

నాకు ఒళ్ళు మండింది. పోయిన నెల ఆవిడ స్టవ్ ఆపడం మరిచిపోయిందని ఈయన చెబితేనే వంటింట్లోకి రావద్దన్నాం. ఇప్పుడిది.

"ఇక మీరు దేన్నీ ముట్టుకోకండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ బుద్ధిగా తలూపింది.

పైపు వేసి ట్యాంకు ఖాళీ చేద్దామని డీజిల్ మూత తిప్పాను. కదల్లేదు. తాళం వేసుంది. ఆమధ్య ఎవరో డీజిల్ కాజేశారని మా ఆయనే పెట్టించాడు.

"తాళంచెవి ఏది?"

"నా జేబులోనే. ఎవరి చేతికీ ఇవ్వనుగా," అన్నాడు గొప్పగా. అనేసి, జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఆపేశాడు.

డీజిల్ రుచి నాలిక మీద ఇంకా పోలేదు. మళ్ళీ ఉమ్మాను.

"ఆ రోజు స్టవ్ వెలిగించిందెవరు?"