గ్రౌండు పనికిరాదు

ఫైనల్ మ్యాచ్ మొదటిసారి ఆగిపోయిన రోజు కొండప్ప గోల్‌పోస్టు పట్టుకుని ఏడ్చాడు. అరవై దాటిన మనిషి. ఇంత చేనుంది, నాలుగు గొర్రెలున్నాయి. ఏడుస్తూనే అడిగాడు.

"ఏమప్పా విజయభాస్కరా, మళ్ళా ఎప్పుడు పెడతావు?"

విజయభాస్కర్ గుట్టకిందపల్లె ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రెటరీ. సోమందేపల్లెలో అతనికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆట కోసం కన్నీళ్ళు పెట్టుకునే మనుషులను టీవీలో తప్ప చూసి ఎరగడు. వెళ్ళి కొండప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చే ఆదివారమే పెడదాం పెద్దాయనా. దిగులుపడొద్దు."

ఆ ఆదివారం రాప్తాడు వైపు నుంచి ఎర్రవంక జట్టు మళ్ళీ వచ్చింది. రిఫరీ జాకబ్ సార్ మైదానం మధ్యకు వెళ్ళి మడమతో నేలను నొక్కి చూశారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్తారు. భార్య రూతమ్మ పోయినప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు ఇంట్లో ఉండలేక ఈల పట్టుకున్నారు. ఎక్కువ మాట్లాడరు.

"గ్రౌండు పనికిరాదు," అన్నారు. ఈల ఊది వెళ్ళిపోయారు.

అభిమానులు విజయభాస్కర్‌ను చుట్టుముట్టారు.

"ఇంకో డేటు చెప్పు. చెప్పేదాకా నిన్ను ఇంటికి పోనిచ్చేది లేదు," అంది లక్ష్మక్క. ఆమెకు గోల్ ఏదో, కార్నర్ ఏదో తెలియదు. కానీ ఒక్క మ్యాచ్‌కూ రాకుండా ఉండదు.

"చెప్తానక్కా. ఈలోగా గ్రౌండంతా గట్టిపడేట్టు గరుసుమన్ను తోలిస్తా. ఇంక ఏ గొడవా ఉండదు."

కొండప్ప చేతికర్ర పైకి లేచింది. "గ్రౌండు జోలికి పోయినావంటే బాగుండదు చూడు! ఎట్లుండేది అట్లే ఉండనీ."

సొంత మైదానమంటే వీళ్ళకెంత భక్తి, అనుకున్నాడు విజయభాస్కర్.

మర్నాడే ఎర్రవంక వాళ్ళు ట్రాక్టరు నిండా దిగారు. ముందు వాళ్ళ క్లబ్బు పెద్ద ఓబులేష్.

"రెండుసార్లూ మీ ఊర్లోనే పెట్టుకుంటిరి. మేమేం మనుషులం కాదా? ఈసారి మా ఊర్లో పెట్టాల."

"యాడ ఆడితే ఏముందిలే ఓబులేషన్నా?" అన్నాడు విజయభాస్కర్.

"ఏముందా? ఏమప్పా, తెలిసే మాట్లాడతాండావా?"

"మా మ్యాచ్ మీకిచ్చేదే లేదు," కొండప్ప అడ్డం వచ్చాడు. "మా నోటికాడ కూడు లాక్కోవాలని చూస్తాండారా?"

"మీకు రెండుసార్లు అయిపాయ. ఇంకా ఎంత ఆశన్నా మీకు?"

చొక్కాలు పట్టుకున్నారు. రెండు క్లబ్బులకూ మాటలు నిలిచిపోయాయి. ఎర్రవంక గోల్‌కీపర్ మారుతి గుట్టకిందపల్లె అల్లుడు. అత్తగారింట్లో ఆ వారం అతనికి కోడికూర బదులు ఉత్త పప్పు వడ్డించారు.

చివరికి లీగ్ వాళ్ళు మ్యాచ్‌ను ఎర్రవంకకు మార్చారు. అక్కడా జాకబ్ సార్ మడమతో నేలను నొక్కారు.

"గ్రౌండు పనికిరాదు."

ఎర్రవంక జనం ఈలలు వేశారు. చిందులు తొక్కారు. వద్దంటున్నా వినకుండా జాకబ్ సార్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. లక్ష్మక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని తమ ఊరివాళ్ళు వచ్చిన లారీ ఎక్కింది.

"చూస్తివా అక్కా, మనల్ని ఎట్ల ఎగతాళి చేస్తాండారో!" అన్నాడు విజయభాస్కర్.

"వాళ్ళ పని అయిపాయ లేప్పా. మన గతేందో చూడు," అంది లక్ష్మక్క.

ఆ వారం లీగ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మ్యాచ్ మళ్ళీ గుట్టకిందపల్లెలోనే. ఈ నాలుగోసారి కూడా ఆడకపోతే ఇద్దరికీ కప్పు లేదు, వచ్చే ఏడు లీగ్‌లో చోటూ లేదు.

విజయభాస్కర్ ఊరందరినీ పిలిచి చెప్పాడు. "ఇదే ఆఖరు. దీని తర్వాత ఈ ఏడు ఇంక మ్యాచ్‌లు లేవు."

"ఇంక పెట్టనే పెట్టరా?" కొండప్ప చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

"పెట్టరు."

ఆదివారం ఊరికి ఊరే కదిలి వచ్చింది. మాడు పగిలే ఎండలో కొండప్ప కంబళి మడిచి భుజాన వేసుకుని వచ్చాడు. సగం మంది మైదానం వైపు కాక పెనుకొండ దిక్కు చూస్తూ నిలబడ్డారు. ఎర్రవంక ట్రాక్టరు కోసమనుకున్నాడు విజయభాస్కర్.

"వచ్చేస్తారులే అక్కా, కంగారెందుకు?"

"వస్తే చాలు నాయనా," లక్ష్మక్క చేతులు జోడించింది.

ట్రాక్టరు వచ్చింది. జాకబ్ సార్ మడమతో నేలను నొక్కారు. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన ఇంకోచోట నొక్కారు. తల ఊపి, ఆట మొదలుపెట్టమని ఈల ఊదారు.

గుట్టకిందపల్లె నాలుగు గోల్స్ వేసింది. నాలుగుసార్లూ విజయభాస్కర్ ఒక్కడే ఎగిరాడు. నాలుగో గోల్‌కు కొండప్ప కంబళి పరుచుకుని నేల మీద కూలబడ్డాడు. ఓడిపోయిన ఓబులేష్ వచ్చి పక్కన కూర్చుని అతని వీపు నిమిరాడు.

"ఊరుకోన్నా. ఇంత అన్యాయం జరుగుతాదని మేమూ అనుకోలేదు."

విజయభాస్కర్ కప్పు తెచ్చి కొండప్ప చేతిలో పెట్టాడు. "గెలిచినాం పెద్దాయనా! ఒకసారన్నా నవ్వు!"

కొండప్ప కప్పు లోపలికి చూశాడు. తలకిందులు చేసి ఒకసారి దులిపాడు. తిరిగి ఇచ్చేశాడు.

అంతకుముందు మూడుసార్లూ సరిగ్గా మ్యాచ్ రోజే కురిసి గ్రౌండును బురద చేసిన వాన ఈసారి రాలేదు, గుట్టకిందపల్లె చేలల్లో కాయ పట్టేందుకు ఊడలు దిగుతున్న వేరుశనగకు ఇంకా ఒక తడి పడాల్సే ఉంది.