కంబళి కుచ్చులు

“ఇది ఉన్నిదే అని నమ్మకమేముండాదప్పా?” అన్నాడు బేరమాడుతున్న రైతు.

కంబళి అమ్ముతున్న పోతులయ్య దాని అంచు నుంచి ఒక కుచ్చు తెంపి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే పొడి బూడిద అయింది.

పక్కనే శాలువాలమ్మే ఖాజాసాబ్ అబద్ధమాడే మనిషి కాదు. తన సరుకులోంచి ఒక పోగు లాగి తనూ వెలిగించాడు. అది కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది.

“మాది అక్రిలిక్ సామీ, ప్లాస్టిక్ జాతి. ఆయప్పదే అసలైన ఉన్ని.”

రైతు అంతా అర్థమైనట్టు తలూపి శాలువా కొన్నాడు. తేలిగ్గా ఉంది, గుచ్చుకోదు, మెరిసే ఎరుపు.

ఆ చలికాలం హిందూపురం సంతలో వారం వారం ఇదే జరిగింది. కరువుకు గొర్రెలన్నీ పోయాక, మిగిలిన ఉన్నితో పోతులయ్య నేసిన ఆఖరి కంబళి అది.

చివరి సంతనాడు ఒక అవ్వ నేరుగా అతని దగ్గరికే వచ్చింది. “నాకు ఆ మెరిసేటివి వద్దు నాయనా, కంబళే కావల్ల” అంటూ చేతుల్లోకి తీసుకుని తడిమింది. అంచు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

“కుచ్చు ఒక్కటీ లేదే! ఎవురో కప్పుకున్న పాతదాన్ని అమ్ముతాండావా?”

“కొత్తదే అవ్వా, ఒట్టు! కాల్చి చూపించీ, చూపించీ…”

అవ్వ అప్పటికే పక్కకు తిరిగింది.

“మాది ప్లాస్టిక్ అవ్వా” అన్నాడు ఖాజాసాబ్, తల దించుకుని.

“ఏదైతేనేం నాయనా, కొత్తది గదా.”

పోతులయ్య చేతిలో అగ్గిపెట్టె ఉంది. అందులో పుల్లలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.