తాతగారి చేతికర్ర

"తాతా, కర్ర కొట్టకు లా! మా ఆటలో కర్ర టకటకా కొడితే 'బిళ్ల ఇటు ఇయ్యి' అని అర్తం. నువ్వు కొట్టినావని నీ ఏపే ఏసినాను!" ఐస్ హాకీ ఆడుతున్న మనవరాలు నాగవల్లి అద్దం అవతలి నుంచి అరిచింది.

"సలికి సెయ్యి వణికినాదమ్మా," అన్నాడు సింహాచలం. మలేషియాలోని బాగన్ దాతుక్ ఎండలో ముదిరిన మనిషి. చేతికర్రను బుద్ధిగా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆట చివరికొచ్చింది. గోల్స్ సమానం. బిళ్ల ఎదుటి పక్షమైన క్లాంగ్ జట్టు పిల్ల దగ్గరుంది. సింహాచలానికి ఎదురుగా నాగవల్లి ఒక్కతే ఉంది.

చేతికర్ర టకటకమంది.

క్లాంగ్ పిల్ల తలెత్తకుండానే బిళ్లను అటు తోసేసింది. నాగవల్లి అందుకుని గోల్ కొట్టేసింది.

"తాతా! మళ్లా ఏటి సేసినావు?"

"సలికి సెయ్యి వణికినాదమ్మా," అన్నాడు సింహాచలం, నుదుటి చెమట తుడుచుకుంటూ.