పది నలభై రెండు బండి

"పద్నాలుగు నిమిషాలా? పద్నాలుగు నిమిషాల్లో జలపాతం ఏం చూస్తాం, దాని మొహం!" అంది కినుయో, రైళ్ళ వేళల పుస్తకం మీద టీ కప్పు పెట్టబోతూ.

తొమోయె ఆ కప్పు అందుకుని పక్కన పెట్టింది.

"ప్లాట్‌ఫారం చివరికెళ్తే కనిపిస్తుంది అక్కా. ఎదురు బండి వచ్చేదాకా మన బండి శిరాకి స్టేషన్లో ఆగుతుంది. చాలు."

"దిగి, కొండెక్కి, కింద దుకాణంలో వేడివేడి నూడుల్స్ తిని తర్వాతి బండికి రావచ్చుగా?"

"అప్పుడు ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. ఐదున్నరకి మా ఆయన వచ్చేస్తారు. ఆ వేళకి స్నానానికి నీళ్ళు కాగి ఉండాలి."

"ఒక్కరోజు చన్నీళ్ళు పోసుకుంటే కరిగిపోతాడా?"

"చెప్పకుండా వెళ్తున్నాను కదా."

కినుయో కళ్ళు పెద్దవయ్యాయి. కుంచెతో అక్షరాలు దిద్దే తరగతిలో రెండేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఈ మనిషికి చాటుమాటు పనులు కూడా వచ్చని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఆ లైను ఎక్కొద్దన్నారు, పెళ్ళయిన కొత్తలోనే. నువ్వెక్కితే నా మనసు చెదిరిపోతుందన్నారు. ముప్పైఆరేళ్ళయింది. మాటిచ్చాను, ఎక్కలేదు."

"అనుమానప్పక్షి! ఇంతకీ ఆ కొండల్లో ఎవరున్నారే నీకు?"

తొమోయె ఎర్రబడిన మొహాన్ని పుస్తకంలోకి దించుకుంది.

"పోనీ, పై వారం వెళ్దాం. కొండమీది ఆకులు ఇంకా ఎర్రగా పండుతాయి."

"పై వారం ఉండదు అక్కా."

"లైను ఎత్తేస్తున్నారా ఏంటి?"

"లైను ఉంటుంది." తొమోయె పేజీ మీద వేలు ఆనించింది. "ఈ శుక్రవారం, పది నలభై రెండు బండి. అందులోనే వెళ్ళి అందులోనే తిరిగొస్తాం. ఇది తప్పితే నాకు ఇంకెప్పటికీ కుదరదు."

ఆ గొంతు విన్నాక కినుయో మరి వాదించలేదు.

శుక్రవారం తొమోయె కళ్ళదాకా టోపీ, ముక్కు పైదాకా మాస్కు పెట్టుకుని వచ్చింది. "బ్యాంకు దోచడానికా?" అని నవ్వింది కినుయో. ఒకే పెట్టె ఉన్న బండి. నడపడానికీ, టిక్కెట్లు చూడడానికీ డ్రైవరు ఒక్కడే. అతని వెనక అద్దానికి రెండు వరుసల దూరంలో కూర్చున్నారు.

తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ముందుకు చాచి డ్రైవరు గట్టిగా పలికాడు: "సిగ్నల్, సరే!" కిటికీ బయటి అద్దంలోకి చూసి, "తలుపులు, సరే!" గడియారం మీద వేలుంచి, "వేళ, సరే!"

బండి కుదుపు లేకుండా కదిలింది.

"రోజూ చూసే సిగ్నలేగా, ఆ కేకలెందుకో!" అంది కినుయో.

"రోజూ చూసేదాన్నే కన్ను వదిలేస్తుంది అక్కా. అందుకే వేలెత్తి చూపించి, పేరు పెట్టి పిలవాలి."

నది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వచ్చింది. చూరులకి దండలు కట్టి ఆరేసిన నారింజరంగు పళ్ళతో ఇళ్ళు వెలుగుతున్నాయి. ఎర్రబడిన కొండ వంతెన కింద నీళ్ళలో తలకిందులుగా నిలబడింది. ప్రతి మలుపుకీ కినుయో "అబ్బ!" అంటూనే ఉంది. తొమోయె మాత్రం ముందుకే చూస్తోంది. పొలం గట్టున నడిచే ముసలామె ఉలిక్కిపడకుండా డ్రైవరు బండి కూత చిన్నగా వేశాడు. మూటతో ఎక్కిన పెద్దాయన కూర్చునేదాకా బండి కదిలించలేదు. ప్రతి స్టేషన్లోనూ ప్లాట్‌ఫారం మీది తెల్లగీతకి వేలెడు తేడా లేకుండా ఆపాడు.

"కిటికీ ఇటుంది తల్లీ! కొండలు చూడమని తెస్తే ఆ వీపు చూస్తావేంటి?"

"ఎంత మెత్తగా నడుపుతున్నారో చూడు."

"వీపు నిటారుగానే ఉందిలే. తొడుగులు చూడు, ఇస్త్రీ మడత కూడా చెరగలేదు. ఇంట్లో ఎవరో పుణ్యాత్మురాలు!" కినుయో ఆమె చెవి దగ్గరికి వంగింది. "మీ ఆయనకి చెప్పనా?"

తొమోయె మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది.

శిరాకిలో ఆగగానే కినుయో ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తింది. డ్రైవరు కిందికి దిగి, కొండకేసి నిలబడి, డబ్బాలోంచి అన్నం ముద్ద తీశాడు. తొమోయె సంచిలోంచి తన ముద్ద తీసింది. అతను కొరికినప్పుడు ఆమె కొరికింది. అతను నమిలినంతసేపూ ఆమె నమిలింది.

కినుయో రొప్పుతూ వచ్చింది. "వెండి జలతారేననుకో! దిగకుండా పోగొట్టుకున్నావు."

"నేనూ చూశాను అక్కా. తనివితీరా."

"ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది, నీ మొహం!"

మూడూ ఐదుకి, సరిగ్గా ఆ నిమిషానికి, బండి వాళ్ళ ఊరు చేరింది. దిగేవాళ్ళు డ్రైవరు పక్కనున్న పెట్టెలో టిక్కెట్టు వేసి దిగాలి. తొమోయె తల వంచుకుని వేసింది. "ధన్యవాదాలండీ," అన్నాడతను, అందరికీ చెప్పినట్టే. ఆమెకి ఊపిరి తిరిగింది.

కింద స్టేషన్ మాస్టరు చామంతుల గుత్తి పట్టుకుని ఉన్నాడు. దాన్ని కిటికీలోంచి డ్రైవరుకి అందించి వంగి నమస్కరించాడు.

"ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయినట్టుంది పాపం," అంది కినుయో. "పద, నీకు ఆలస్యమవుతుంది. నీళ్ళు కాగబెట్టాలన్నావుగా?"

"పద," అంది తొమోయె. కాళ్ళు మాత్రం కదల్లేదు.

ఖాళీ బండి షెడ్డుకి బయల్దేరాలి. తెల్ల తొడుగు పైకి లేచింది.

"సిగ్నల్, సరే!"

"తలుపులు, సరే!"

"వేళ, సరే!"

ఆ వేలు కిందికి దిగలేదు. కిటికీ బయటికి తిరిగి, ప్లాట్‌ఫారం మీది టోపీ దగ్గర ఆగింది.

"మా ఆవిడ, సరే!"