తడి వేలి పరీక్ష

చర్చి అడిగిన రక్తపరీక్ష కార్డు తీసి లాన్రే మొరెనికె కొట్టులో గుడ్డల బల్ల మీద పెట్టాడు. వాళ్ల పెళ్లి ఇంకా ఇరవై రోజులుంది.

మొరెనికె చదివింది. ఏఎస్.

"నీది ఏఏ అన్నావుగా."

"ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం మొరే. ఎప్పుడూ చేయించుకోలేదు."

తనది ఏఎస్ అని మొరెనికెకి పదేళ్లప్పుడే తెలుసు. ఆమె అమ్మా నాన్నా ఇద్దరూ ఏఎస్. ఒంట్లో ఏ బాధా లేని మనుషులు. ఇద్దరి నుంచీ చెడ్డ ఎస్ అందుకున్నది తమ్ముడు. వాడిది ఎస్‌ఎస్, సికిల్ సెల్ జబ్బు. ఇద్దరిలో ఒక్కరిది ఏఏ అయినా వాడికి ఆ జబ్బు వచ్చేది కాదు. ఎముకల నొప్పులతో మెలికలు తిరిగి తిరిగి పంతొమ్మిదో ఏట పోయాడు.

అయినా వ్యాపారి కదా, బేరం వదల్లేదు.

"నాలుగు వంతుల్లో ఒక్క వంతేగా లాన్రే చెడేది. మూడు వంతులు మనవైపే ఉన్నాయి."

"నీలో ఒక పోగు మంచిది, ఒక పోగు చెడ్డది. నాలోనూ అంతే. మొదటి బిడ్డ తప్పించుకున్నా రెండో బిడ్డకి మళ్లీ అదే లెక్క. ప్రతి కాన్పుకీ అదే లెక్క. మీ తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది నువ్వు. మళ్లీ కూర్చోగలవా?"



"పోనీ ఇంకోచోట చేయించు."

"మూడు చోట్ల చేయించాను," అని ఏడ్చేశాడు.

మగాడు అంతలా ఏడవడం ఇటోకు బజారు ఎప్పుడూ చూడలేదు. పక్క కొట్టావిడ అల్హాజా లేచొచ్చి అతని వీపు నిమిరింది. "ఊరుకో నాయనా. దీనికి గుడ్డ అమ్మడమే వచ్చు, ఓదార్చడం రాదు."

వాళ్ల ఊరు అబెఒకుటాలో ఖాయమైన పెళ్లిని మగపెళ్లివారు తప్పిస్తే, వాళ్ల పెద్దలు వచ్చి పిల్ల ఇంటి ముందు సాష్టాంగపడాలి. ఆ కార్డు చూశాక ఎవరూ ఆ మాటెత్తలేదు. నిజం దాచకుండా చెప్పాడని అందరూ లాన్రేని మెచ్చుకున్నారు. చుట్టాలందరికీ ఒకే రంగులో అద్దించిన నీలి ఆదిరె గుడ్డ, అరవై ముక్కలు, ఆమె కొట్టులోనే ఉండిపోయింది.

తడి వేలితో రుద్ది రంగు దిగుతుందేమో చూడందే మొరెనికె జానెడు గుడ్డ కొనదు. ఆ కార్డుని మాత్రం రెండోసారి చూడకుండానే తిరిగిచ్చేసింది.

ఏడాదిన్నర గడిచింది. పుట్టని బిడ్డ ఒకడు నొప్పితో ఏడవకుండా ఉండటానికి తాను చెల్లించిన ధర అది అనుకుంది. ధర ఎక్కువే. సరుకు మంచిది.

ఒక మధ్యాహ్నం బక్కపలచని పిల్ల ఒకతె ఆకరా గారె నములుతూ కొట్టులోకి వచ్చింది.

"అక్కా, పెళ్లి గుడ్డ. అరవై ముక్కలు, ఒకటే రంగు. నీ దగ్గరే దొరుకుతుందన్నారు. ఇదిగో, ఈ నీలం."

రంగు చూపించడానికి శుభలేఖ చాపింది. వరుడి పేరు దగ్గర మొరెనికె చూపు ఆగిపోయింది. లాన్రే. ఇంటిపేరు కూడా అతనిదే.

ఆమె లోపలికెళ్లి పాత కట్టలు మోసుకొచ్చింది.

"ఇంత మంచి గుడ్డ ఇన్నాళ్లూ ఎవరూ కొనలేదా?"

"నీకోసమే ఆగింది."

పిల్ల వేలు తడి చేసి గుడ్డ అంచున గట్టిగా రుద్దింది. రంగు దిగలేదు.

"గట్టిదానివే," అని మొరెనికె నవ్వబోయింది. తాను చెల్లించిన ధర వృథా కాలేదని ఒక్కసారి వినాలనిపించింది. "పరీక్షలు చేయించుకున్నారా? నీది ఏఏనే కదా తల్లీ?"

"లేదక్కా, నాది ఏఎస్," అంది పిల్ల గుడ్డ మడుస్తూ, "మా పాస్టరుగారు దగ్గరుండి రెండుసార్లు చేయించారు, నా అదృష్టం, లాన్రేది ఏఏ."