నీలవేణి మొదటి ఏడుపు

ఊరందరి మెడమీదా నొప్పి తెలియనివ్వని పట్టీ అంటించిన కాలమది. కాలిమీద రోకలి పడ్డా, “ఎవరో తలుపు కొడుతున్నట్టుందే!” అనేవారు. మాణిక్యం కూతురు నీలవేణికి పురిట్లోనే అంటించేశారు.

నిన్నటినుంచీ పిల్ల ముద్ద మింగడం లేదు. చొంగ కారుస్తోంది. “మొండిఘటం!” అని మాణిక్యం కసిరింది గాని, ఆ కసురులోనూ ఉప్పూకారం లేదు.

అత్తగారు వరహాలమ్మ పిల్ల దవడల కింద తడిమింది.

“గడ్డలు కట్టాయే. ఒళ్ళు పెనంలా ఉంది. నోరు తెరువమ్మా, బంగారూ!”

చెంచాతో నాలుక నొక్కి చూస్తే, కొండనాలుకకి రెండువైపులా టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, తెల్లగా చీముచుక్కలు.

గోడమీది తెరలోంచి డాక్టరమ్మ చూసింది. “మందు పంపుతున్నా. ముందు ఆ పట్టీ తియ్యండి. మింగలేకపోయినా, ఊపిరాడకపోయినా పిల్లే చెప్పాలి కదా.”

“నొప్పెడుతుందేమోనండీ!” అంది మాణిక్యం.

“పెట్టాలమ్మా.”

మాణిక్యం పిల్ల మెడమీది పట్టీ పీకింది. నీలవేణి ఉమ్మి మింగబోయి కెవ్వుమంది. పుట్టాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. మాణిక్యం కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

“ఇప్పుడేం చెయ్యాలి అత్తయ్యా?”

“ఎత్తుకోవే, వెర్రిమొహమా!”

ఎత్తుకుంది. తన మెడమీద పట్టీ అలాగే ఉంది; లోపల ఏమీ కదల్లేదు. చేతులు మాత్రం, ఎవరూ నేర్పకుండానే, పిల్లని ఊపడం మొదలుపెట్టాయి.